ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో క్లబ్బులు, ట్రిప్పులు, సపోర్ట్ గ్రూపులు: కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

టెక్స్ట్‌బుక్ ఇంటికి రాదు, హోంవర్క్ నామమాత్రం, ర్యాంకు ఎవరూ చెప్పరు. పైగా వారం తిరిగేసరికి స్కూల్ నుంచి ఏదో ఒక ఈమెయిల్: ఫారెస్ట్ స్కూల్‌కి (చెట్ల మధ్య జరిగే పాఠాలకి) బురద బూట్లు పంపండి, వరల్డ్ బుక్ డేకి వేషం వేసి పంపండి, మ్యూజియం ట్రిప్‌కి డబ్బు కట్టండి. కొత్తగా ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లు మొదటి టర్మ్‌లోనే అడిగే ప్రశ్న, "ఇక్కడ అసలు చదువు చెప్తారా?" రెండో ప్రశ్న కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "మా వాడిని ఏదో సపోర్ట్ గ్రూప్‌లో వేశారట, వాడికేమైనా ప్రాబ్లమా?"

రెండింటికీ నేను చెప్పేది ఒకటే. ఆ ట్రిప్పులూ, ఆ గ్రూపులూ ఇక్కడి చదువులో భాగం. కాకపోతే వాటిలో చాలావరకు అడిగినవాళ్లకే ముందు అందుతాయి. మనకేమో స్కూల్‌కి వెళ్లి అడగడం అలవాటు లేదు. ఇదంతా ఇంగ్లండ్‌లోని స్టేట్ స్కూళ్ల, అంటే ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత బడుల సంగతి. స్కాట్లండ్, వేల్స్‌లో పద్ధతులు వేరు.

ముందు క్లాసు విషయం తేల్చుకుందాం. ఇక్కడ వయసును బట్టే క్లాసు. సెప్టెంబర్ 1 నుంచి తర్వాతి ఆగస్టు 31 లోపు పుట్టినవాళ్లంతా ఒక బ్యాచ్. సెప్టెంబర్ నాటికి ఏడు నిండిన పిల్ల హైదరాబాద్‌లో రెండో తరగతి చదువుతున్నా ఇక్కడ ఇయర్ 3లోనే కూర్చుంటుంది. "ఒక క్లాసు కింద వేయండి" అని అడిగితే సాధారణంగా ఒప్పుకోరు. పరీక్షలు అసలే లేవనుకోకండి. ఇయర్ 1లో ఫోనిక్స్ చెక్ (అక్షరాల శబ్దాలు కలిపి చదవడం వచ్చిందా అని చూసేది), ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష, ఇయర్ 6 మే నెలలో శాట్స్ అనే జాతీయ పరీక్షలు ఉంటాయి. ఎక్కాల పరీక్షలో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు, పన్నెండో ఎక్కం దాకా. ఇందులో మన పిల్లల గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇక ట్రిప్పులు. ఇక్కడ పాఠం తరచుగా ఒక టాపిక్ చుట్టూ తిరుగుతుంది. ఇయర్ 3, 4 ప్రాంతంలో రోమన్లు వచ్చారనుకోండి, మా రెడింగ్ చుట్టుపక్కల పిల్లల్ని సిల్చెస్టర్‌లో మిగిలిన రోమన్ గోడల దగ్గరికో, అక్కడ తవ్వితే దొరికిన వస్తువులున్న రెడింగ్ మ్యూజియంకో తీసుకెళ్తారు. మర్నాడు ఇంగ్లీష్ పీరియడ్‌లో దాని మీదే రాయమంటారు. ఆర్ట్‌లో మొజాయిక్ చేయిస్తారు, లెక్కల్లో రోమన్ అంకెలు వస్తాయి. "ఒక్కరోజు విహారయాత్రే కదా, ఎండ కూడా లేదు, ఈ చలిలో ఎందుకు" అని ఇంట్లో ఉంచేసుకుంటే, ఆ వారమంతా క్లాసులో మీ పిల్లకి రాయడానికి సరుకు ఉండదు. కొత్త భాష నేర్చుకుంటున్న పిల్లకైతే ఇది ఇంకా నష్టం. కళ్లతో చూసినదానికి మాటలు త్వరగా దొరుకుతాయి.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. బడివేళల్లో జరిగే ట్రిప్‌కి స్కూల్ అడిగేది స్వచ్ఛంద విరాళం మాత్రమే. తల్లిదండ్రులు కట్టలేదని ఏ పిల్లనీ వదిలి వెళ్లకూడదు, అది చట్టం. అయితే సరిపడా డబ్బు రాకపోతే ట్రిప్ మొత్తం రద్దు చేసుకోవచ్చు. అందుకని, ఇబ్బందిగా ఉంటే మొహమాటం లేకుండా ఆఫీసులో చెప్పండి, గుట్టుగానే సర్దుతారు. ఇవ్వగలిగి ఉండి "వాలంటరీయే కదా" అని తప్పించుకోవడం మాత్రం నాకు నచ్చదు. ట్రిప్ రోజు డబ్బాలో పులిహోర పెడితే పల్లీలు ఏరేయండి, పల్లీ చట్నీ అసలే వద్దు. ఎలర్జీల భయంతో చాలా స్కూళ్లలో పల్లీలు, జీడిపప్పు, బాదం లాంటివి నిషేధం.

రెసిడెన్షియల్ దగ్గరికి వచ్చేసరికి మన ఇళ్లలో గట్టి చర్చే నడుస్తుంది. ఇయర్ 5లోనో 6లోనో రెండు మూడు రాత్రులు పిల్లల్ని బయట శిబిరానికి తీసుకెళ్తారు. తాడు పట్టుకుని గోడ దిగడం, పడవ నడపడం, తమ పక్క తామే వేసుకోవడం. "ఆడపిల్లని రాత్రులు బయట ఎలా పంపిస్తాం?" అంటారు అమ్మమ్మలు, నానమ్మలు వీడియో కాల్‌లో. పంపండి. ఆడపిల్లల గదులు వేరుగా ఉంటాయి, టీచర్లు పక్కనే ఉంటారు, తిండి, మందుల వివరాలు ముందే ఫారంలో రాయించుకుంటారు. ఆ తర్వాత సెప్టెంబర్‌లో సెకండరీకి బస్సులో ఒంటరిగా వెళ్లాల్సిన పిల్లలు వీళ్లు. వసతి, భోజనం ఖర్చు స్కూల్ అడగవచ్చు, అది కాస్త ఎక్కువే. చాలాచోట్ల ముందు ఏడాది నుంచే వాయిదాల్లో కట్టించుకుంటారు, ఆ ఈమెయిల్ మిస్ అవకండి.

ఈత కూడా సిలబస్‌లోదే. ప్రైమరీ ముగిసేలోపు కనీసం 25 మీటర్లు సాయం లేకుండా ఈదగలగాలని నేషనల్ కరిక్యులమ్‌లోనే ఉంది. స్కూల్ తీసుకెళ్లే కొన్ని పాఠాలతో, నీళ్లంటే భయపడే పిల్లకి అది రాదు. దగ్గర్లోని లీజర్ సెంటర్‌లో ముందుగా చేర్పించండి. ఒంటి నిండా ఉండే స్విమ్‌సూట్ కావాలంటే స్కూల్‌ని అడగండి, చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు.

క్లబ్బుల విషయంలో కొత్తవాళ్లు ఒకటి కలగాపులగం చేసుకుంటారు. ఆఫ్టర్‌స్కూల్ కేర్ అంటే మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లల్ని చూసుకోవడం, సాయంత్రం ఆరు ప్రాంతం దాకా, డబ్బు కట్టి. చెస్, కోయిర్ (బృందగానం), నెట్‌బాల్, కోడింగ్ లాంటి క్లబ్బులు వారానికి ఓ గంట మాత్రమే. టీచర్లు నడిపేవి చాలాసార్లు ఉచితం, బయటి కంపెనీలు నడిపేవాటికి ఫీజు. ఈ క్లబ్బుల బుకింగ్ తెరిచే రాత్రి మనవాళ్లకి తత్కాల్ టికెట్లు గుర్తొస్తాయి, నిమిషాల్లో అయిపోతాయి. చోటు దొరక్కపోతే వెయిటింగ్ లిస్ట్‌లో పేరు పెట్టించండి, రెండు మూడు వారాలకి ఎవరో ఒకరు మానేస్తారు.

ఏ క్లబ్‌లో చేర్చాలి? ఇంగ్లీష్ ఇంకా తడబడే పిల్లాడైతే నేను ఫుట్‌బాల్, డ్రామా, కోయిర్ అంటాను. స్నేహితులు అక్కడ దొరుకుతారు, భాష వాళ్ల వెనకే వస్తుంది. మనవాళ్లు మాత్రం మొదటి నెలలోనే మ్యాథ్స్ ట్యూషన్, అబాకస్, ఆదివారం కూచిపూడి అన్నీ పెట్టేస్తారు. ఏడేళ్ల పిల్లకి వారమంతా టైంటేబుల్ అయితే ఎదురింటి పిల్లలతో ఆడుకునేది ఎప్పుడు? గ్రామర్ స్కూల్ (పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ సెకండరీ స్కూల్) ఎంట్రన్స్ గురించి మీకు కంగారు పెట్టేవాళ్లు రెడింగ్, స్లౌ లాంటి చోట్ల వీధికొకరు ఉంటారు. ఆ పరీక్ష ఇయర్ 6 మొదట్లో వస్తుంది. ఇయర్ 2 పిల్లకి దాని ఊసే వద్దు.

ఇప్పుడు అసలు నిలబడి మాట్లాడుకోవాల్సిన సంగతి, సపోర్ట్.

మన దేశం నుంచి వచ్చిన పిల్లల్ని ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలుగా, అంటే ఈఏఎల్ అని రాసుకుంటారు. అది లోపం కింద రాసుకునేది కాదు. ఇంటి భాష వేరనే ఒక్క కారణంతో పిల్లకి నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందని లెక్కవేయకూడదని 2014 నాటి చట్టంలోనే ఉంది. కొందరు పిల్లలు మొదటి కొన్ని నెలలు క్లాసులో నోరు విప్పరు. వింటూ ఉంటారు. ఇది మామూలే, టీచర్లకీ తెలుసు. ఈ దశలో తల్లిదండ్రులు చేసే పొరపాటు ఇంట్లో తెలుగు మానేసి, రాని ఇంగ్లీష్‌లో మాట్లాడటం. తెలుగులో కథ సాగదీసి చెప్పగలిగే పిల్లాడు ఇంగ్లీష్‌లోనూ చెప్తాడు. తెలుగు ఆపేస్తే రెండూ అరకొరే అవుతాయి.

ఫోనిక్స్ గురించి ఒక మాట. మన దగ్గర "ఏ ఫర్ యాపిల్" అని అక్షరాల పేర్లు నేర్పుతాం. ఇక్కడ శబ్దాలతో మొదలు. జూన్‌లో జరిగే చెక్‌లో 40 మాటలు చదివిస్తారు, అందులో 20కి అర్థమే ఉండదు, పక్కన వింత జీవుల బొమ్మలుంటాయి. పిల్ల నిజంగా శబ్దాలు కూడబలుక్కుంటోందా, గుర్తుపెట్టుకుని చదువుతోందా అని చూడటానికే ఆ తమాషా. ఇయర్ 1లో గట్టెక్కకపోతే ఇయర్ 2లో మళ్లీ ఉంటుంది, మధ్యలో చిన్న గ్రూపులో కూర్చోబెట్టి సాయం చేస్తారు.

ఆ చిన్న గ్రూపే మన వాళ్లకి గుండెదడ. టీచింగ్ అసిస్టెంట్ నలుగురైదుగురు పిల్లల్ని పక్క గదికి తీసుకెళ్లి చదివిస్తే, "మా పిల్లని మొద్దుల బ్యాచ్‌లో వేశారు" అనుకుంటారు. క్లాసులో ముప్పై మంది మధ్య దొరకని శ్రద్ధ అక్కడ ఉచితంగా దొరుకుతోంది. ఇదే ట్యూషన్ సెంటర్‌లో అయితే డబ్బు కట్టి పంపుతాం.

అంతకు మించిన ఇబ్బంది ఉందని టీచర్ అంటే, మాట్లాడాల్సింది సెన్కోతో. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బాధ్యత చూసే టీచర్ ఆమె, ప్రతి స్కూల్లో ఉంటారు. సాయం మొదలుపెట్టడానికి డాక్టర్ డయాగ్నోసిస్ అక్కర్లేదు. ఏం చేస్తున్నారో, ఏం ఫలితం వచ్చిందో ఏడాదికి కనీసం మూడుసార్లు మీతో కూర్చుని చెప్పాలి. అది చాలకపోతే కౌన్సిల్‌ని, అంటే స్థానిక ప్రభుత్వాన్ని, ఈహెచ్‌సీ ప్లాన్ (పిల్లకి ఏ సాయం అందాలో చట్టబద్ధంగా రాసి ఇచ్చే పత్రం) కోసం అడగవచ్చు. స్కూల్ అడగకపోయినా తల్లిదండ్రులుగా మీరే అర్జీ పెట్టవచ్చు. చట్టం ప్రకారం మొత్తం 20 వారాల్లో తేలాలి. చాలా కౌన్సిళ్లు ఆలస్యం చేస్తాయి, కాబట్టి ప్రతి ఉత్తరం తేదీ రాసిపెట్టుకోండి. చిక్కులొస్తే ప్రతి ప్రాంతంలో సెండియాస్ అనే ఉచిత సలహా సేవ ఉంటుంది, మీ పక్కన కూర్చుని కాగితాలు చదివి చెప్తారు.

ఇండియాలో స్పీచ్ థెరపీకి తిప్పిన రిపోర్టులు ఉంటే అడ్మిషన్ రోజే ఇచ్చేయండి. "చెప్తే సీటు ఇవ్వరేమో" అని దాచేవాళ్లని చూశాను. ఇక్కడ అది కారణంగా చూపి సీటు నిరాకరించడం కుదరదు. దాచినన్నాళ్లూ పోయేది పిల్ల కాలమే. ఇంకా అంతదాకా వెళ్లకముందు కంటి పరీక్ష చేయించండి; 16 ఏళ్ల లోపు పిల్లలకి ఆప్టీషియన్ దగ్గర ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) కింద ఉచితం. చదువులో వెనకబడిందనుకున్న పిల్లకి బోర్డు కనిపించకపోవడమే కారణం కావచ్చు.

వీసా భయం ఒకటి ఉంటుంది. పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే కొన్ని రకాల ఆర్థిక సాయం, వాడకూడదని చాలా వీసాల మీద ఉండే షరతు బడి చదువుకి, సెన్కో సాయానికి, ఈహెచ్‌సీ ప్లాన్‌కి వర్తించదు. రిసెప్షన్ (ఇయర్ 1కి ముందు తరగతి), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ 2014 నుంచి మధ్యాహ్న భోజనం ఉచితం, దానికీ వీసాతో సంబంధం లేదు. లండన్‌లో 2023 సెప్టెంబర్ నుంచి స్టేట్ ప్రైమరీ మొత్తానికీ ఉచితం. వెజిటేరియన్ అని ఫారంలో రాస్తే వేరే వంటకం పెడతారు. కానీ చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ఇచ్చే భత్యం), డిజబిలిటీ లివింగ్ అలవెన్స్ (వైకల్యం ఉన్న పిల్లల కోసం ఇచ్చేది) పబ్లిక్ ఫండ్స్ కిందికి వస్తాయి. స్కూల్లో ఎవరో మంచిమనసుతో "అప్లై చేయండి" అన్నా, వీసా మీద ఆ షరతు ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ సలహా తీసుకోండి.

పేరెంట్స్ ఈవినింగ్‌లో, అంటే టీచర్‌ని కలిసే సాయంత్రం, మీకు దొరికేది పది నిమిషాలు. అందులో "బాగా చదువుతున్నాడా?" అని అడిగితే "లవ్లీ బాయ్" అని నవ్వుతారు, సమయం అయిపోతుంది. దానికి బదులు ఇవి అడగండి: చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ఈ వయసుకి ఉండాల్సిన స్థాయిలో ఉన్నాడా, కింద ఉన్నాడా? ఏ గ్రూపులో, వారానికి ఎన్నిసార్లు సాయం అందుతోంది? అది ఎప్పటిదాకా? మధ్యాహ్నం ఆటల వేళ ఎవరితో తిరుగుతున్నాడు? ఇంట్లో మేం ఏ ఒక్కటి చేస్తే ఎక్కువ ఉపయోగం? మాట్లాడటం పూర్తికాకుండానే గంట మోగితే, మర్నాడు స్కూల్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి మరో అపాయింట్‌మెంట్ అడగండి.