పాఠకుల ప్రశ్నలు: దొంగ పేర్లతో అమెరికా వెళ్లిన చైనావాళ్లు

ప్రశ్న: ఒకప్పుడు చైనావాళ్లు వేరేవాళ్ల కొడుకులమని చెప్పుకుని, దొంగ కాగితాలతో అమెరికాలో దిగేవాళ్లట. వాళ్లని ‘పేపర్ సన్స్’ అనేవారని చదివాను. చట్టం ఎంత అన్యాయమైనదైనా మోసం మోసమే కదండీ?

జవాబు: చెప్పింది అబద్ధమే, కాదనను. కానీ వాళ్లకి వేరే దారి ఏం మిగిలిందో కూడా చూడండి. 1882లో అమెరికా చైనా కూలీలు రాకూడదని చట్టం చేసింది, అప్పటికే అక్కడున్న చైనావాళ్లకి పౌరసత్వం ఇవ్వకూడదని కూడా అందులోనే రాసింది. వ్యాపారులకీ విద్యార్థులకీ మినహాయింపు ఉంది గానీ, రైలు పట్టాలు వేసినవాళ్లకీ బట్టలుతికి బతికేవాళ్లకీ లేదు. అంతకుముందే, 1875లో వచ్చిన పేజ్ చట్టం వేశ్యల్ని ఆపడానికని చెప్పి, చైనా ఆడవాళ్లందర్నీ అనుమానించి వెనక్కి పంపేలా తయారైంది. దాంతో మగవాళ్లు అమెరికాలో, పెళ్లాం పిల్లలు సముద్రానికి అవతల. చూసొద్దామని వెళ్తే తిరిగి రానిస్తారన్న నమ్మకం కూడా లేదు. ఛే చాన్ పింగ్ అనే ఆయన పన్నెండేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసి, తిరిగి రావచ్చని ప్రభుత్వమే ఇచ్చిన పత్రం పట్టుకుని 1887లో సొంతూరు వెళ్లాడు. ఓడలో తిరిగొస్తుండగానే, 1888 అక్టోబరులో, ఆ పత్రాలేవీ చెల్లవని కొత్త చట్టం వచ్చేసింది. రేవు దాకా వచ్చిన మనిషిని దిగనివ్వలేదు. సుప్రీంకోర్టుకెళ్లినా ఓడిపోయాడు. ప్రభుత్వం ఇచ్చిన మాట ప్రభుత్వమే తప్పితే, మోసమన్న మాట ముందు ఎవరికి వాడాలి?

ఇక దొంగ పేర్ల సంగతి. అమెరికాలో పుట్టినవాడు, తల్లిదండ్రులు చైనావాళ్లైనా సరే, పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో తీర్పు వచ్చింది. 1906 భూకంపంలో, దాని వెంట వచ్చిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో చాలామంది ఇక్కడే పుట్టామని చెప్పుకోగలిగారు. పౌరుడి కొడుకు విదేశంలో పుట్టినా పౌరుడే కాబట్టి, చైనా వెళ్లొచ్చిన ప్రతిసారీ కొడుకు పుట్టాడని రాయించి, ఆ స్థానం బంధువుల పిల్లాడికో, డబ్బిచ్చిన పొరుగువాడికో ఇచ్చేవారు.

దీన్ని పట్టుకోవడానికే 1910 నుంచి 1940 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో విచారణలు జరిగాయి. మీ ఇంటికి మెట్లెన్ని, బియ్యం ఎక్కడ పెడతారు, పక్కింట్లో ఎవరుంటారు అని గంటల తరబడి అడిగేవారు. తండ్రి చెప్పినదానికీ కొడుకు చెప్పినదానికీ తేడా వస్తే అంతే. నాకు అన్నిటికంటే బాధనిపించేది, సొంత కొడుకులు కూడా ఆ టెన్షన్‌లో తడబడేవారు. దొంగ కొడుకు జవాబులన్నీ బట్టీ పట్టి వచ్చేవాడు, అసలు కొడుక్కి ఇంటి మెట్లు లెక్కపెట్టాలని ఎందుకు తోస్తుంది? వారాలు, నెలలు బందీలుగా ఉన్నవాళ్లు చెక్క గోడల మీద చెక్కిన పద్యాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

1882 నాటి ఆ చట్టం 1943లో రద్దయింది, యుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి. అప్పుడు కూడా ఇచ్చిన కోటా ఏడాదికి 105 మందికే. దొంగ పేరుతో వచ్చినవాళ్లకి భయం మాత్రం పోలేదు. 1956లో నిజం ఒప్పుకుంటే హోదా సరిచేస్తామని ప్రభుత్వం పిలిచింది గానీ, ఒకడు నోరు విప్పితే ఆ కాగితం మీద వచ్చిన చుట్టాలందరూ బయటపడతారు. అందుకే చాలామంది సొంత పిల్లలకి కూడా అసలు ఇంటిపేరు చెప్పకుండానే పోయారు. కొన్ని సమాధుల మీద ఇంగ్లీషులో కాగితం పేరు, చైనా లిపిలో అసలు పేరు కనిపిస్తాయి.

ప్రశ్న: కెనడాలోనూ ఇలాగే ఉండేదా?

జవాబు: ఉండేది. అక్కడ ముందు డబ్బుతో ఆపాలని చూశారు. 1885లో చైనా నుంచి వచ్చే మనిషికి 50 డాలర్ల తలపన్ను, 1903 కల్లా 500. అదీ చాలక 1923లో దాదాపు పూర్తిగా తలుపులు మూసేసి, 1947లో గానీ తెరవలేదు. 2006లో ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పి, పన్ను కట్టినవాళ్లలో బతికున్నవాళ్లకి, లేదంటే వాళ్ల భార్యలకి తలా 20,000 డాలర్లు ఇస్తామంది. అప్పటికి వాళ్లలో ఎక్కువమంది చనిపోయారు.