పూర్వం పల్లెటూళ్లలో ఇద్దరు ఆడవాళ్లు దంపతుల్లా కలిసి బతికారా?

బతికారు. బాగా ఆధారాలు దొరికిన ఒక జంట అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, వేబ్రిడ్జ్ అనే చిన్న ఊరికి చెందినది: చారిటీ బ్రయంట్, సిల్వియా డ్రేక్. 1807లో స్నేహితురాలి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన చారిటీకి, ఆ స్నేహితురాలి చెల్లెలు సిల్వియా పరిచయమైంది. అదే ఏడాది ఇద్దరూ కాపురం పెట్టారు. 1851లో చారిటీ చనిపోయేదాకా, అంటే దాదాపు 44 ఏళ్లు, విడిపోలేదు.

మరి ఊరు ఎలా ఒప్పుకుంది? నాకు ముఖ్యంగా కనిపించే కారణం వాళ్ల కుట్టుపని. ఊళ్లోవాళ్లకు బట్టలు కుట్టి సొంతంగా సంపాదించుకున్నారు, కుర్ర ఆడపిల్లలకు పని నేర్పారు. చర్చి పనుల్లో ముందుండేవారు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలను ప్రేమగా చూసుకునేవారు. అందరికీ అవసరమైన మనుషులను ఊరు దూరం పెట్టలేదు. అలాగని బహిరంగంగా ఎవరూ చర్చించనూ లేదు. ఆ మౌనం వాళ్లకు నీడ అయింది. కానీ వాళ్ల మనసులో బాధ లేదనుకోవద్దు. ఇద్దరూ గాఢమైన దైవభక్తులు, తాము పాపులమేమోనన్న భయం వాళ్ల రాతల్లో కనిపిస్తుంది.

చారిటీ అన్న కొడుకు, ప్రసిద్ధ కవి విలియం కల్లెన్ బ్రయంట్, వాళ్ల బంధం వాళ్లకు పెళ్లికి ఏమాత్రం తీసిపోనంత పవిత్రమైనదని 1843 నాటి లేఖలో రాశాడు. సిల్వియా 1868లో కన్నుమూసింది. వేబ్రిడ్జ్ శ్మశానంలో ఇద్దరి పేర్లూ ఒకే సమాధి రాయి మీద ఉన్నాయి.