టమ్మీ టక్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఏం చేయాలి?

విజయవాడలో మీ అక్కకు ఈ ఆపరేషన్ (పొట్ట మీది వదులు చర్మం, కొవ్వు తీసి బిగించేది) చేయిస్తున్నామని, గడ్డల భయం ఉందని అడిగారు. అన్నిటికన్నా ముఖ్యం నడక. పొట్ట కండరాలు బిగించి కుట్టడంతో లోపల ఒత్తిడి పెరిగి, కాళ్ల రక్తం పైకి నెమ్మదిగా వస్తుంది. పైగా నొప్పికి భయపడి మంచం దిగరు. మన ఇళ్లలో ప్రేమకొద్దీ "కదలకుండా పడుకో" అంటారే, అదే ప్రమాదం. డాక్టరు సరేనంటే ఆ సాయంత్రమే, నడుం వంచుకునైనా, పక్కన పట్టుకుని నాలుగడుగులు వేయించండి.

గర్భనిరోధక మాత్రలు, పొగతాగే అలవాటు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. అవసరాన్నిబట్టి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, సొంతంగా ఆపేయొద్దు. బెజవాడ ఎండల్లో నీళ్లు తగ్గనివ్వకండి. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ముప్పు ఉంటుంది: ఒక్క పిక్కే వాచి నొప్పెడితే అదే రోజు చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి.