ఊటీ కొండ రైలు: మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఉన్నదే అసలు ప్రయాణం

తిరుపతి నుంచి పెద్దవాళ్లతో ఊటీ కొండ రైలు ఎక్కాలంటే ఎలా పోవాలి, ఊటీలో ఎక్కి కూనూరు దాకా దిగితే చాలదా అని అడిగారు. మాది చిత్తూరు. రెండుసార్లు బయలుదేరి ఒక్కసారే ఎక్కాను. నా మాట: చాలదు.

కొండ రైలు కొండ కింద మెట్టుపాళయంలో మొదలై, దారిలో కూనూరు మీదుగా ఊటీ చేరుతుంది, మొత్తం 46 కిలోమీటర్లు. కూనూరు నుంచి ఊటీ దాకా డీజిల్ ఇంజను, తేయాకు తోటలు. బాగానే ఉంటుంది కానీ అలాంటివి బస్సులోంచీ కనిపిస్తాయి. అసలు సంగతంతా మెట్టుపాళయం దాటాక వచ్చే కల్లార్ స్టేషన్ నుంచి కూనూరు మధ్యే. అక్కడ ప్రతి పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. మామూలు చక్రాలు జారిపోతాయి కాబట్టి రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీలు వేశారు. ఇంజను కింది పళ్ల చక్రం వాటిని కరుచుకుంటూ ఎక్కుతుంది. ఆవిరి ఇంజను ముందుండి లాగదు, వెనకనుంచి తోస్తుంది. కూనూరు దాకా ఈ లైను 1899లోనే వేశారు. మెట్టుపాళయం నుంచి కూనూరుకు 28 కిలోమీటర్లకు మూడు గంటల పైనే పడుతుంది, ఆ నిదానమే బాగుంటుంది. మాకు ఎడమ పక్క సీట్లు దొరికాయి, లోయలు అటే ఎక్కువ కనిపించాయి.

పోవడానికి వేలూరు పక్కనున్న కాట్పాడి జంక్షన్ మేలు. చెన్నై నుంచి వచ్చే నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి పదకొండు ప్రాంతంలో అక్కడ ఆగుతుంది, తెల్లవారి మెట్టుపాళయంలో దించుతుంది. కొండ రైలు ఏడు దాటగానే అక్కడినుంచే బయలుదేరుతుంది. టికెట్ వెతికేటప్పుడు ఊటీ అని కాదు, ఉదగమండలం అని చూడండి. బుకింగ్ తెరిచిన రోజే చేసుకోండి, తర్వాత వెయిటింగ్ లిస్టే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం వద్దు. మొదటిసారి నవంబరులో పోయాం. వానలకు కొండచరియ విరిగి పట్టాలమీద పడిందని రైలు రద్దయింది. బస్సులో ఆ మలుపులన్నీ తిరుగుతూ అమ్మ వాంతులతో బాధపడింది, ఇప్పటికీ దానికి నన్నే అంటుంది.

పెద్దవాళ్లకు ఇంకో మాట. పెట్టెల్లో బాత్‌రూమ్ లేదు. దారిలో ఇంజను నీళ్లు పట్టుకోడానికి ఆగే స్టేషన్లలోనే దిగి వెళ్లి రావాలి, మెట్టుపాళయంలోనే ఒకసారి వెళ్లొస్తే టెన్షన్ ఉండదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తిరుమలలో లాగే నీలగిరుల్లోనూ నిషేధం, స్టీలు బాటిల్ పట్టుకెళ్లండి. దారిలో రైలు ఆగే హిల్‌గ్రోవ్ స్టేషన్లో కోతులు ఉంటాయి. కొండ కోతులు మనకు కొత్తా అని నాన్న పులిహోర పొట్లం విప్పాడు. సగం తినేలోపు పొట్లం స్టేషన్ కప్పు మీదుంది.