రెండు అరిసెలతో నాలుగు నెలల శ్రమ పోదు

ప్రశ్న: నా వయసు 34. ఉపాధ్యాయురాలిని. తీపి పూర్తిగా మానేసి, రోజూ నడుస్తూ నాలుగు నెలల్లో 78 కిలోల నుంచి 72కు వచ్చాను. సంక్రాంతికి కోనసీమలోని అత్తగారింటికి వెళ్లినప్పుడు ఆవిడ బలవంతం మీద రెండు అరిసెలు తిన్నాను. ఎలాగూ నియమం తప్పింది కదా అనిపించి, పండుగ మూడు రోజులూ అరిసెలు, పూతరేకులు, సున్నుండలు లెక్క లేకుండా తినేశాను. తిరిగి వచ్చాక తూకం చూసుకుంటే రెండు కిలోలు పెరిగాను. మర్నాడు ఉపవాసం ఉన్నాను గానీ, సాయంత్రానికి ఆగలేక అత్తగారు కట్టి ఇచ్చిన డబ్బా తెరిచాను. వచ్చే సోమవారం మళ్లీ మొదలుపెడదామని నడక కూడా మానేశాను. పడిన శ్రమంతా పోయినట్లేనా? జీవితాంతం తీపి ముట్టకూడదా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: పోలేదమ్మా. ముందుగా ఆ రెండు కిలోల లెక్క చూద్దాం. మీ చేత నడక మాన్పించింది ఆ అంకే. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, శరీరం ఖర్చు చేసేదానికన్నా సుమారు 7,700 కిలోకేలరీలు అదనంగా తినాలి. రెండు కిలోలకు 15,400. ఒక మాదిరి అరిసెకు 150 నుంచి 200 అనుకుంటే, సరిపడా భోజనం చేశాక కూడా మీరు రోజుకు పాతిక అరిసెలకు తగ్గకుండా మూడు రోజులు తిని ఉండాలి. అంత తిని ఉండరు. తూకంలో కనిపించినదాంట్లో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థాలు ఎక్కువైనప్పుడు శరీరం వాటిని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. పండుగ పూట తిన్న పచ్చళ్లలోని, పిండివంటల్లోని ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు భోజనానికి వస్తే కొద్ది రోజుల్లో అది దిగిపోతుంది. కొంత కొవ్వు చేరి ఉంటుంది, కాదనను. కానీ తగ్గిన ఆరు కిలోలను తుడిచిపెట్టేంత కాదు.

నన్ను ఆలోచింపజేసింది అరిసెలు కాదు, మీరు రాసిన ‘ఎలాగూ నియమం తప్పింది’ అన్న మాట. నిండా మునిగినవాడికి చలేమిటి అని మనవాళ్లు అంటారే, అదే ఇది. అయితే రెండు అరిసెలు తిన్నప్పటికి మీరు మునగనే లేదు, పాదాలు తడిశాయంతే. ఇది మీ ఒక్కరి బలహీనతా కాదు. హెర్మన్, మాక్ అనే పరిశోధకులు 1975లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. తిండి విషయంలో ఆంక్షలు పెట్టుకోనివారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఆంక్షలు పెట్టుకున్నవారు మాత్రం, ఏమీ తాగనప్పటికన్నా ఎక్కువ తిన్నారు. కట్టు తెగిందన్న భావనే ఆకలికన్నా బలంగా పనిచేసింది. మనం ఆహార నియమాన్ని మడిలా చూస్తాం: ఒక్కసారి తగిలితే అంతా మైల. బరువు మాత్రం నెలసరి ఇంటి ఖర్చులాంటిది, మొత్తం మీదే తేలుతుంది.

మర్నాటి ఉపవాసం కూడా ఈ ఆలోచనకు పుట్టిన బిడ్డే. పగలంతా మాడిన కడుపు సాయంత్రం తీపినే కోరుతుంది, అప్పుడు డబ్బా తెరవడంలో వింత లేదు. ఎక్కువ తిన్న మరుసటి పూట పప్పు, కూర, పెరుగుతో ఎప్పటిలాగే భోజనం చేయండి. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారైతే, వైద్యుని అడగకుండా భోజనం మానేయడం ప్రమాదం కూడా.

తీపి జీవితాంతం మానవలసిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, రోజుకు 2,000 కిలోకేలరీలు తినేవారికి అదనపు చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది; బెల్లాన్నీ ఇందులోనే కలుపుకోండి, కేలరీల్లో దానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు. మీరు వారానికి రెండు రోజులు ముందే అనుకుని, నిజంగా ఇష్టమైన తీపి ఒక్కటి, భోజనం తరువాత, కూర్చుని నెమ్మదిగా తినండి. ఇష్టం లేనిది మొహమాటానికి తినకండి. అత్తగారికి ‘వద్దు’ అంటే మనసు నొచ్చుకోవచ్చు. ‘భోజనం అయ్యాక ఒకటి తింటాను అత్తయ్యా’ అంటే ఆవిడకూ తృప్తి, మీకూ ఆకలి మీద తినే ఇబ్బంది ఉండదు. నియమంలోనే చోటున్న తీపి తింటే నియమం తప్పిందన్న మాట రాదు.

ఒక్క విషయం మాత్రం మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి. పండుగలతో సంబంధం లేకుండా, వారానికి ఒకసారైనా, నెలల తరబడి, ఆపుకోలేక చాలా ఎక్కువగా, ఎవరూ చూడకుండా తిని బాధపడుతున్నారా? అలాగైతే అది తిండి మీద పట్టు తప్పే మానసిక సమస్య కావచ్చు, దానికి చికిత్స ఉంది; మానసిక వైద్యుని కలవడానికి సంకోచించకండి.

డబ్బాలో మిగిలినవాటిలో రెండు ఉంచుకుని, తక్కినవి పాఠశాలకు పట్టుకెళ్లి తోటి ఉపాధ్యాయులకు పంచండి. వారం దాకా తూకం ఎక్కకండి. సోమవారం కోసం ఆగకుండా, ఈ సాయంత్రమే ఎప్పుడూ నడిచేంత దూరం నడిచి రండి.