పండును బట్టే తీపి: కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళ మామిడి సందేహాలు

వేసవి మొదలయ్యేసరికి కొత్తగా వచ్చిన కుటుంబాల నుంచి ఒకే రకం ప్రశ్న వస్తుంది. ఎర్రగా నిగనిగలాడుతుంటే పెట్టె మామిడిపళ్ళు కొన్నాం, కోస్తే పీచు, తీపి అంతంతమాత్రం, పిల్లలు ముట్టుకోవడం లేదు, వీటితో కుల్ఫీ చేసుకోవచ్చా, పాయసంలో వేస్తే పాలు విరుగుతాయా అని. వీటన్నిటికీ నేను ముందుగా చెప్పేది ఒకటే: ఏం చేయాలో ముందే అనుకుని పండు కోసం వెతక్కండి. పండు కోసి, ముక్క నోట్లో వేసుకుని, అప్పుడు ఏం చేయాలో అనుకోండి. మన దగ్గర బంగినపల్లి కోసుకు తినడానికి, రసాలు పిండుకుని తాగడానికి అని ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇక్కడి రకాలకీ అలాంటి లెక్క ఉంది. అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక్కడ ఏ దుకాణంలోకి వెళ్ళినా ఎక్కువగా కనిపించే ఎర్ర పండు టామీ ఆట్కిన్స్. ఫ్లోరిడాలో పుట్టిన రకం. తోలు మందం, దూర ప్రయాణానికి తట్టుకుంటుంది, చాలా రోజులు నిలవ ఉంటుంది, అందుకే వ్యాపారులకి ఇష్టం. ఆ ఎరుపుకీ పండడానికీ సంబంధం లేదు. గట్టి కాయ కూడా అంతే ఎర్రగా ఉంటుంది. తొడిమ దగ్గర వాసన చూడండి, బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. కొద్దిగా లొంగి, తీయటి వాసన వస్తేనే పండినట్టు.

పసుపు రంగులో, చిన్నగా, పొడుగ్గా ఉండేది అటాల్ఫో. హనీ మ్యాంగో అనీ, షాంపేన్ మ్యాంగో అనీ అమ్ముతారు. మెక్సికో నుంచి వస్తుంది. సాధారణంగా మార్చి నుంచి జూలై దాకా బాగా దొరుకుతుంది. టెంక పలచన, పీచు దాదాపు ఉండదు, గుజ్జు వెన్నలా ఉంటుంది. కొత్తవాళ్ళు దీని విషయంలో తొందరపడతారు. తోలు నిగనిగలాడుతున్నప్పుడే కోస్తే పుల్లగా ఉంటుంది. తోలు ముదురు పసుపుకి తిరిగి, అక్కడక్కడ సన్నగా ముడతలు పడ్డాక కోయండి. పాడైపోతోందని పారేసే దశలోనే అది అసలైన తీపిలో ఉంటుంది. ఇంట్లో తీపి వంటలకి తాజా పండే కావాలంటే నా ఓటు దీనికే.

కెంట్, కీట్ అని ఇంకో రెండు పెద్ద రకాలు ఉన్నాయి. రెండిట్లోనూ పీచు తక్కువ, రసం ఎక్కువ. కీట్ పండినా పచ్చగానే ఉంటుంది కాబట్టి కాయ అనుకుని వదిలేయకండి. అది వేసవి చివర్లో వస్తుంది. మన చలికాలంలో పెరూ, ఈక్వడార్, బ్రెజిల్ నుంచి పళ్ళు వస్తాయి కాబట్టి అసలు దొరకని నెల అంటూ లేదు, రకం మారుతుందంతే.

మన దేశం పళ్ళ సంగతి కూడా అడుగుతారు. 2007 నుంచి భారత్ మామిడిపళ్ళని అమెరికా అనుమతిస్తోంది, కాకపోతే పురుగుల భయం లేకుండా వాటిని వికిరణం చేసి, అంటే రేడియేషన్ కిరణాలు తగిలించి పంపాలి. విమానంలో వస్తాయి కాబట్టి ఖరీదెక్కువ. అవి దొరికితే కోసుకుని తినండి, కుల్ఫీలో మాత్రం కలపకండి. పాలు, పంచదార, ఏలకులు కలిసిన తర్వాత ఆ పండు ప్రత్యేకత ఎవరికీ తెలియదు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో తాజా పళ్ళు పెట్టించే ఆలోచన కూడా మానుకోండి. అనుమతి లేదు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పెద్దవాళ్ళు అక్కడ అధికారుల ముందు నిలబడి జవాబు చెప్పుకునే పరిస్థితి తేకండి. తినే వస్తువు ఏది తెచ్చినా డిక్లరేషన్‌లో చెప్పమనండి.

కాయలు గట్టిగా ఉంటే బియ్యం డబ్బాలోనో, కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపో పెట్టండి. అరటిపండు వదిలే ఇథిలీన్ వాయువు వల్ల మామిడి త్వరగా మగ్గుతుంది. మగ్గని కాయని ఫ్రిజ్‌లో పెట్టడమే పెద్ద నష్టం. ఆ చలికి లోపల దెబ్బతిని, తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు, రుచీ రాదు. పూర్తిగా పండాక మాత్రం ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు హాయిగా ఉంటుంది.

ఇక డబ్బా గుజ్జు. తాజా పండు ఉండగా డబ్బా ఏమిటి అని మొహమాటపడేవాళ్ళని చూశాను. అవసరం లేదు. కుల్ఫీకి, లస్సీకి, శ్రీఖండ్‌కి ఇక్కడి తాజా పండు కన్నా డబ్బాలో వచ్చే కేసర్, అల్ఫాన్సో రకం మామిడి గుజ్జే మంచి రుచి ఇస్తుంది. పండిన పండు గుజ్జుని అక్కడికక్కడే డబ్బాకి ఎత్తుతారు, సగం పచ్చిగా కోసి ఓడెక్కించే పని ఉండదు. తోతాపురి గుజ్జు కూడా దొరుకుతుంది. అది ఎక్కువగా మన చిత్తూరు ప్రాంతపు ఫ్యాక్టరీలలో తయారయ్యేది. వాసన కాస్త తక్కువైనా కేసరి, హల్వాలకి బాగుంటుంది. డబ్బా కొనే ముందు వెనక చదవండి. చాలా వాటిలో పంచదార ముందే కలిపి ఉంటుంది. అది చూడకుండా వంటలో చెప్పిన పంచదార అంతా వేస్తే ఎవరూ రెండో చెంచా తినలేరు. తెరిచిన గుజ్జుని డబ్బాలోనే ఉంచకుండా గాజు సీసాలోకి మార్చి వారం లోపు వాడేయండి. మిగిలింది ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి పెట్టుకుంటే కావలసినప్పుడు నాలుగు ముక్కలు తీసుకోవచ్చు.

పాల వస్తువుల అర దగ్గర కొత్తవాళ్ళు తడబడటం సహజం. కండెన్స్‌డ్ మిల్క్ అంటే పంచదార వేసి చిక్కగా కాచిన పాలు. ఎవాపొరేటెడ్ మిల్క్ అంటే నీరు ఇగరగొట్టిన పాలు, పంచదార ఉండదు. రెండు డబ్బాలూ పక్కపక్కనే, ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే వంట పూర్తిగా మారిపోతుంది. హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి గిలక్కొడితే నురగలా నిలబడుతుంది. హాఫ్ అండ్ హాఫ్ అనేది సగం పాలు, సగం క్రీమ్. దాన్ని ఎంత కొట్టినా నిలబడదు, పాయసం చిక్కదనానికైతే బాగుంటుంది.

కుల్ఫీకి పొయ్యి వెలిగించక్కర్లేదు. ఒక డబ్బా ఎవాపొరేటెడ్ మిల్క్, అంటే 354 మిల్లీలీటర్లు, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, అంటే 397 గ్రాములు, ఒకటిన్నర కప్పుల గుజ్జు, అర టీస్పూన్ ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. గుజ్జు తీపి డబ్బాదైతే కండెన్స్‌డ్ మిల్క్ సగంతో మొదలుపెట్టి రుచి చూస్తూ పెంచండి. చల్లగా తిన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, అందుకని కలిపేటప్పుడు మీకు నచ్చినదాని కన్నా ఒక పిసరు ఎక్కువే ఉండాలి. కాగితం కప్పుల్లో పోసి, పైన రేకు కప్పి, పుల్ల గుచ్చి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. తింటుంటే పంటికింద మంచు పలుకులు తగులుతున్నాయంటే మిశ్రమంలో నీరు ఎక్కువైందన్నమాట. తాజా పండుతో చేసేటప్పుడు ఇదే జరుగుతుంది. గుజ్జుని ముందు మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద మూడో వంతు తగ్గేదాకా కలుపుతూ ఉడికించి, చల్లార్చి కలపండి.

పాలు విరగడం గురించి. మామిడిలో పులుపు ఉంటుంది, వేడి పాలు పులుపుని తట్టుకోవు. సేమ్యా పాయసమైనా, సగ్గుబియ్యం పాయసమైనా, పాలూ పంచదారా అన్నీ ఉడికి పొయ్యి ఆపేసి, గిన్నె చేత్తో పట్టుకోగలిగేంత గోరువెచ్చగా అయ్యాకే గుజ్జు కలపాలి. గుజ్జు తీయటిదై ఉండాలి. పుల్లటి పండైతే పాయసం జోలికే వెళ్ళకండి. కలిపాక మళ్ళీ వేడి చేయకూడదు, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వడ్డించుకోవడమే.

మరి పుల్లగా, పీచుగా ఉన్న ఆ టామీ ఆట్కిన్స్ పెట్టె ఏం చేయాలి? అది కేసరికి. ముక్కలు మిక్సీలో వేసి, జల్లెడలో గరిటెతో రుద్ది వడకడితే పీచంతా పైనే ఉండిపోతుంది. ఒక కప్పు రవ్వ నెయ్యిలో వేయించి, రెండు కప్పుల మరిగే నీళ్ళలో పూర్తిగా ఉడకనివ్వండి. రవ్వ మెత్తబడిన తర్వాతే ముప్పావు నుంచి ఒక కప్పు పంచదార, ఒక కప్పు గుజ్జు వేయాలి. ముందే వేస్తే పంచదార నీటిని లాగేసుకుని రవ్వ పలుకుగా మిగిలిపోతుంది. నెయ్యి, ఏలకులు, వేడి కలిసి ఆ పండులో లేని రుచిని కూడా తెస్తాయి. ఈ పండుతో చేసిన కేసరి పిల్లలు అడిగి మరీ తింటారు.

పెద్ద పుడ్డింగ్ చేసి విందుకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఇక్కడి పుడ్డింగుల్లో గడ్డకట్టడానికి వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు ఉన్న ఇంట్లో అది వాడకూడదు. కొన్ని పెరుగు డబ్బాల్లో, మార్ష్‌మాలోల్లో కూడా అది ఉంటుంది, శ్రీఖండ్ కోసం గ్రీక్ యోగర్ట్ కొనేటప్పుడు కూడా వెనక చదవండి. దాని బదులు చైనా గ్రాస్ వాడండి, ఇక్కడ అగర్ అగర్ పొడి అంటారు, సముద్రపు నాచు నుంచి తీస్తారు. అర లీటరు మిశ్రమానికి ఒక టీస్పూన్ పొడి మెత్తటి పుడ్డింగ్‌కి సరిపోతుంది. దాన్ని నీళ్ళలో వేసి రెండు మూడు నిమిషాలు మరిగించాలి, మరగకపోతే కరగదు. పులుపుతో కలిపి మరిగిస్తే దాని బలం తగ్గుతుంది కాబట్టి గుజ్జు అందులో వేసి మరిగించొద్దు. గుజ్జు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది కాకూడదు. చల్లటి గుజ్జులో పోస్తే అక్కడికక్కడే ఉండలు కడుతుంది. గోరువెచ్చటి గుజ్జులో వేడి అగర్ పోసి వెంటనే కలిపి గిన్నెల్లో పోసేయండి.

తాండ్ర కూడా ఇంట్లోనే అవుతుంది, ఎండ కోసం చూడనక్కర్లేదు. చాలా ఓవెన్లలో అతి తక్కువ వేడి 170 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 77 సెల్సియస్. కెంట్ లేదా అటాల్ఫో గుజ్జుని కొంచెం బెల్లంతో చిక్కబరిచి, పార్చ్‌మెంట్ కాగితం పరిచిన పళ్ళెంలో అర సెంటీమీటర్ మందాన సమంగా పరవండి. వ్యాక్స్ పేపర్ వాడకండి, మైనం కరిగి తాండ్రకి అంటుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. వేలికి అంటకపోతే అయినట్టు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళు మెలకువగా ఉన్న వేళ ఇది పెట్టకండి, అన్ని గంటలూ ఓవెన్‌ని కాపలా కాయడం కష్టం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది అలర్జీల దగ్గర. మామిడి, జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబం మొక్కలు. ఇక్కడి అడవి దారుల్లో కనిపించే పాయిజన్ ఐవీ కూడా ఆ కుటుంబమే. దాని వల్ల ఒంటి మీద దద్దుర్లు వచ్చినవాళ్ళకి మామిడి తోలు, సొన తగిలినా పెదాల చుట్టూ మంట, దద్దుర్లు రావచ్చు. అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే తొడుగులు వేసుకుని ఇంకొకరు తోలు తీసి ఇవ్వాలి, తోలుతో ఉన్న చెక్కని నోటితో చీకడం మానేయాలి. ఊపిరాడకపోవడం, నాలుక వాయడం కనిపిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. పిల్లల బడికో, పక్కింటి పార్టీకో మామిడి తీపి పంపేటప్పుడు జీడిపప్పు, పిస్తా, బాదం అలంకరణ పూర్తిగా మానేయండి, ఏమేం వేశారో చీటీ మీద రాసి డబ్బాకి అంటించండి. చాలా బడుల్లో ఇంట్లో చేసినవి అసలు ఒప్పుకోరు కాబట్టి ముందే టీచర్‌ని అడిగితే పిల్లాడు చిన్నబోకుండా ఉంటాడు.

కొలతలు చూసి కంగారు పడకండి. ఇక్కడి కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 15, టీస్పూన్ 5. మన ఇంటి గ్లాసుతో, ఇక్కడి కప్పుతో కలిపి ఒకే వంట చేయకపోతే చాలు.

అటాల్ఫో బాగా వచ్చే మే, జూన్ నెలల్లో రెండు పెట్టెలు ఎక్కువ కొని నిలవ చేసుకోండి. బాగా పండిన వాటిని ముక్కలు కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచుల్లోకి ఎత్తండి. అలా చేస్తే అన్నీ కలిసి ఒకే బండలా అతుక్కోవు. సంచిలో గాలి తీసేసి, తేదీ, రకం రాసి పెట్టండి. ఆరు నెలల లోపు వాడుకుంటే రుచి బాగుంటుంది. గడ్డకట్టిన ముక్కలు కరిగాక మెత్తబడి నీరు వదులుతాయి కాబట్టి వాటిని పళ్ళెంలో పెట్టి వడ్డించకండి, లస్సీకీ కేసరికీ ఉంచుకోండి.