విశాఖ మధురవాడలో ఇంకుడు గుంత రెండేళ్లకే పొంగిపోతోంది: ఇంకా పెద్దది తవ్వించాలా?

మీరు చెప్పిన వివరాలివి: కొండవాలులో 200 గజాల స్థలం, 1,200 చదరపు అడుగుల డాబా, 4×4×6 అడుగుల ఇంకుడు గుంత. మొదట్లో బాగానే ఇంకేది, ఇప్పుడు గంట వానకే నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయి. పెద్ద గుంత తవ్వించి వీధి నీళ్లు కూడా అందులోకే మళ్లించాలని, ముందు జాగాలో పార్కింగ్ టైల్స్ వేయించాలని అనుకుంటున్నారు.

పెద్ద గుంత వద్దండి. ముందు ఉన్నదాన్ని తెరిపించి చూడండి. పైన పోసిన ఇసుక మీద ఎర్రటి పొర ఒకటి కనిపిస్తుంది, అర అంగుళం కూడా ఉండదు. గోరుతో గీకితే మైనంలా వస్తుంది. కొండ నుంచి, డాబా మీది దుమ్ము నుంచి, పక్క స్థలంలో కట్టుబడి నుంచి వచ్చిన సన్నమట్టి అది. ఆ పొర పట్టాక కింద ఆరడుగుల కంకర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పెద్ద గుంత తవ్వినా అంతే, మూసుకుపోవడానికి ఇంకో ఏడాది ఎక్కువ పడుతుంది.

ఇక లెక్క. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే లీటరు నీళ్లు. మీ డాబా 111 చదరపు మీటర్లు. తడికి, ఆవిరికి కొంత పోను 50 మి.మీ. వానకు దాదాపు 4,700 లీటర్లు దిగుతాయి. మీ గుంత ఖాళీగా ఉంటే 2,700 లీటర్లు పట్టేది, కానీ నిండా కంకర పోశారు కాబట్టి సందుల్లో పట్టేది 40 శాతమే, అంటే సుమారు 1,100 లీటర్లు. అదే గుంతలో నడుమ మూడడుగుల వెడల్పున్న సిమెంటు వరలు (పక్కలకు చిల్లులున్నవి) దింపి, చుట్టూ మాత్రమే 40 ఎంఎం కంకర పోస్తే 1,700 లీటర్లు పడుతుంది. పైగా మూత తీసి బకెట్‌తో అడుగున చేరిన మట్టి తోడుకోవచ్చు. నిండా కంకర పోసిన గుంతను శుభ్రం చేయాలంటే మొత్తం తవ్విపోయాల్సిందే, అందుకే ఎవరూ చేయించరు. ఒక్క జాగ్రత్త: చాలాకాలం మూసి ఉన్న గుంతలోకి మనిషిని దింపవద్దు, లోపల గాలి ఆడదు. పైనుంచే తోడించండి.

గుంత అడుగుభాగాన్ని సిమెంటు చేయనివ్వకండి. వరలు దింపే ముందు గుంత అడుగున అడుగు లోతు చిన్న గొయ్యి తీసి రెండుసార్లు నీళ్లు పోసి నాననివ్వండి, మూడోసారి నింపి స్కేలు పెట్టి చూడండి. గంటకు అంగుళం పైన దిగితే మంచి నేల. అరంగుళం కూడా దిగకపోతే ఆ చోట ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ డబ్బు సంపు మీద పెట్టండి. మధురవాడ వైపు గ్రావెల్ నేల సాధారణంగా తాగుతుంది. పల్లపు ప్రాంతాల్లో వానాకాలం నీటిమట్టం పైకే ఉంటుంది, అక్కడ గుంత తవ్వితే కింద నుంచే నీళ్లూరతాయి.

అసలు ఖర్చు పెట్టాల్సింది గుంతకు ముందుండే ఛాంబర్ మీద, అంటే డాబా నీళ్లు గుంతలోకి పోయే ముందు మట్టి దిగిపోయే తొట్టి మీద. రెండడుగుల చదరం కట్టించి, బయటికి వెళ్లే పైపును ఛాంబర్ అడుగుభాగం నుంచి రెండడుగుల ఎత్తున పెట్టండి, పైపు మొదట్లో ఎల్బో (వంపు ముక్క) కిందికి తిప్పండి. మట్టి అడుగున ఉండిపోతుంది, ఆకులు పైన తేలుతాయి, మధ్యలో నీళ్లే గుంతలోకి పోతాయి. అందులో నీళ్లు నిలుస్తాయి కాబట్టి మూత బిగువుగా ఉండాలి, లేకపోతే దోమలు. జూన్‌కు ముందొకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి మట్టి తీయించండి. విశాఖలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో, నేల అప్పటికే నానిపోయి ఉన్నప్పుడు పడతాయి. అప్పుడు ఏ గుంతా చాలదు. కాబట్టి గుంత పైఅంచు కంటే కింద 4 అంగుళాల ఓవర్‌ఫ్లో పైపు పెట్టి కాలువలోకి వదలండి. చాలా ఇళ్లలో ఈ పైపే ఉండదు, నీళ్లు పునాది వైపు తిరుగుతాయి. గుంత పునాదికి 10 అడుగుల దూరంలో ఉంటే మేలు. మీ ఇంటికి రిటైనింగ్ వాల్ (కొండమట్టి జారకుండా కట్టే గోడ) ఉంటే దాని ఎగువన మాత్రం గుంత పెట్టవద్దు. గోడ వెనక నీళ్లు నిలిచి నెట్టేస్తాయి.

వీధి నీళ్లు ఎంతమాత్రం మళ్లించకండి. ఆయిలు, డ్రైనేజీ, కట్టుబడి బురద అన్నీ దాంతో వస్తాయి, ఆ మురికి భూగర్భ జలంలోకి దిగి బోరు నీళ్లలోకే చేరుతుంది.

ముందు జాగాకి టైల్స్ బదులు సందులున్న పేవర్ బ్లాకులు వేయించండి. కింద 8 నుంచి 12 అంగుళాల కంకర, పైన రెండంగుళాల చిప్స్ (సన్న రాతి ముక్కలు), దానిమీద బ్లాకులు. సందులు పావు అంగుళానికి తగ్గకూడదు, వాటిలో ఇసుక కాకుండా సన్న చిప్సే నింపాలి. మేస్త్రి చివరిరోజు "కదలకుండా ఉంటాయండీ" అని సిమెంటు పాలు పోయడానికి వస్తాడు, ఆ రోజు మీరు దగ్గరుండండి. అది పోస్తే ఇక అది మామూలు గచ్చే.

వీధిలో పారే వాననీటి సమస్య మాత్రం ఒక్క ఇంటితో తీరదు. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వాననీటిని ఇంకించమంటుంది, ప్లాను మంజూరులోనూ గుంత అడుగుతారు, కానీ ఇల్లు పూర్తయ్యాక అది పనిచేస్తోందా అని చూసే పద్ధతి లేకపోతే అది కాగితం మీది గుంతే. ఫిలడెల్ఫియాలో వాణిజ్య భవనాలకు వేసే వాననీటి రుసుములో గచ్చు చేసిన నేల విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకుంటారు, నీళ్లు సొంత స్థలంలోనే ఆపేవారికి తగ్గింపు ఇస్తారు. ఇక్కడా ఆస్తి పన్నులో అలాంటి రాయితీ పెట్టి, ఏటా జూన్‌కు ముందు తనిఖీతో ముడిపెడితే ఛాంబర్లు శుభ్రంగా ఉంటాయి.

అప్పటిదాకా మీ అసోసియేషన్ అడగగలిగింది ఒకటుంది. లేఅవుట్ పార్కులకు మట్టి పోసి రోడ్డు కంటే ఎత్తు చేస్తున్నారు. వాటిని రోడ్డు కంటే అరడుగు పల్లంగా ఉంచి, గట్టురాళ్ల మధ్య సందులు వదిలి, అంచున వట్టివేరు, మెట్టతామర నాటమనండి. 500 గజాల పార్కు అలా ఉంటే ఒక వానకు 60,000 లీటర్ల పైన ఆపుతుంది, మీ గుంతల్లాంటివి 35 కలిపినంత. నిండాక మిగిలింది గెడ్డలోకి (వాగులోకి) పోయేలా ఒక తూము ఉండాలి, ఆ తూము ముందు జాలీ పెట్టించడం మరచిపోకండి. ప్లాస్టిక్ కవర్లు రెండు అడ్డం పడితే చాలు, పార్కు నీళ్లు మళ్లీ మీ గేటు ముందుకే వస్తాయి.